షాహిస్తా, రివులెట్, ఓబమ్మ చేను

షాహిస్తా మా ఆఫీసులో చేరింది 2003లో. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. వాన నీళ్లు పొలం దాటి పోకుండా కట్టలు, కందకాలు, చిన్న చెక్‌డ్యాములు వేయించే సంస్థ మాది. అనంతపురంలో రైలు పట్టాల అవతల ఒక మేడ మీద మూడు గదులు అద్దెకు తీసుకుని నడిపేవాళ్లం. మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగి నేల చూసి రావడం నా పని. నా పేరు ఎర్రిస్వామి. కంప్యూటర్ల గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ పిల్ల పక్క టేబులు దగ్గర కూర్చుని విన్నవే.

ఆమె తండ్రి దాదా ఖలందర్‌కు తాడిపత్రిలో మోటారు వైండింగ్ షాపు ఉంది. కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయిన బోరు మోటార్లు ఎండాకాలమంతా ఆ షాపు ముందు వరుస కట్టి ఉండేవి. షాహిస్తా చిన్నప్పుడు బడి నుంచి రాగానే అక్కడే కూర్చుని, తండ్రి విప్పిన రాగి తీగను సాపు చేసేదట. అనంతపురంలో హాస్టల్లో ఉండి ఎంసీఏ చదివింది. స్నేహితురాళ్లంతా బెంగుళూరు బస్సెక్కితే ఈమె మా దగ్గర పటాలు గీసే ఉద్యోగానికి వచ్చింది. ఎందుకమ్మా అని అడిగితే, "మా నాయన దగ్గరికి వచ్చే రైతులంతా నీళ్ల మాటే మాట్లాడతారన్నా. నాకు ఆ మాటలు అలవాటు" అంది.

ఆ పటాలు గీసే సాఫ్ట్‌వేర్ పేరు రివులెట్. సన్నటి వాగు అని అర్థమట. ఒక ఊరి ఎత్తుపల్లాలు, నేల రకం, వాన లెక్క ఇస్తే నీరు ఎటు పారుతుందో, ఎక్కడ ఇంకుతుందో రంగుల్లో చూపిస్తుంది. దాన్ని ఎవరూ అమ్మరు. దేశదేశాల వాళ్లు తలా కొంత రాసి అందరికీ ఊరికే ఇస్తారు. లోపల రాసిన జావా కోడ్ అంతా ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు. ఈ సంగతి ఆమె మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

"ఊరికే యాల ఇస్తారమ్మా?" అన్నాను.

"వాళ్లకూ ఎవరో ఊరికే ఇచ్చింటారు కదన్నా" అంది.

రివులెట్‌లో ఊళ్ల పేర్లు తెలుగులో రాస్తే ఒత్తులు విడిపోయి కనిపించేవి. విడపనకల్లు అని కొడితే చివరి ఒత్తు పక్కకు జారి, రైతులకు పటం చూపిస్తే ఇదేం ఊరని నవ్వేవాళ్లు. షాహిస్తా ఆ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుంది. సరిదిద్దిన ముక్కను ఆ ప్రాజెక్టు వాళ్లకు పంపింది. ప్రాజెక్టును చూసుకునే పెద్దాయన పేరు జెరాల్దో. బ్రెజిల్ దేశంలో ఈశాన్యపు మెట్ట సీమలో నీటి శాఖ ఇంజినీరుగా చేసి రిటైరైనవాడు. రెండో రోజే జవాబు రాశాడు. మీ అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి, వాటిని ఇన్నాళ్లు విరగ్గొట్టినందుకు క్షమించండి, మీ ఊళ్లో వాన ఎంత పడుతుంది అని. ఈమె చెప్పింది. మాదీ అంతే అన్నాడాయన. అక్కణ్ణుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అలాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో వేల ఫైళ్లు ఉంటాయి. అన్నిటినీ సరైన వరుసలో కలిపి, నడిచే ప్రోగ్రాముగా తయారు చేయడాన్ని బిల్డ్ అంటారు. రివులెట్‌ను యాంట్ అనే పద్ధతిలో బిల్డ్ చేసేవాళ్లు. ముందు ఇది చేయి, తర్వాత అది చేయి అని మొత్తం పని ఒకే ఫైల్లో రాసి ఉండేది. చేయి వేసిన ప్రతివాడూ దాని చివర నాలుగు వరుసలు అతికించి పోయాడు. ఏళ్లు గడిచేసరికి ఆ ఫైలు ఎంత పెరిగిందంటే, దాన్ని ముట్టుకోవాలంటే జెరాల్దోకే భయం. కొత్తవాళ్లు ప్రాజెక్టులోకి రావాలని వచ్చి, బిల్డ్ కాక విసిగి వెళ్లిపోయేవాళ్లు. ఇవి కాక, బయటివాళ్లు రాసిన ముక్కలు, వాటిని జార్‌లు అంటారు, ఒక ఫోల్డర్‌లో కుప్పగా పడి ఉండేవి. ఏది ఎవరు రాశారో, ఏ ఏటిదో తెలియదు.

2005 చివర్లో మేవెన్ అనే పద్ధతి కొత్త రూపంలో వచ్చింది. అందులో ప్రాజెక్టును భాగాలుగా విడదీసి, ఏ భాగానికి ఏ జార్, ఏ వెర్షన్ కావాలో పేరు పెట్టి చెప్పాలి. ఇంటర్నెట్‌లోని ఒక పెద్ద నిల్వ నుంచి అదే తెచ్చుకుంటుంది. రివులెట్‌ను దానికి మార్చాలని అందరూ అన్నారు. చేస్తానని మాత్రం ఎవరూ రాలేదు. అంతకుముందు ఒకాయన మొదలుపెట్టి సగంలో వదిలేశాడు.

షాహిస్తా ఆ చర్చలో ఒక మాట రాసింది. మా ఆఫీసులో ఇంటర్నెట్ ఫోను తీగ మీద వస్తుంది, గంటకోసారి తెగుతుంది, అన్నీ ఇంటర్నెట్ నుంచే తెచ్చుకునే పద్ధతి అయితే మాలాంటి వాళ్లు రివులెట్‌ను బిల్డ్ చేయలేరు అని. దానికి జెరాల్దో ఇచ్చిన జవాబు ఆమె నాకు చదివి వినిపించింది. "అయితే ఆ పని నువ్వే చెయ్యి. నీ దగ్గర బిల్డ్ అయిందంటే ఇంకెక్కడైనా అవుతుంది. కావలసినవన్నీ నేను సీడీల మీద పంపుతాను."

మా సంస్థను నడిపే గంగాధరప్ప సారుకు ఈ సంగతి చెప్పడానికి ఆమె రెండు రోజులు జంకింది. చివరికి నన్ను తోడు తీసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన మంచివాడే. కానీ మాట కరుకు.

"ఇది మన పనేనామ్మా?" అన్నాడు అంతా విని.

"మన పటాలన్నీ దాని మీదనే ఉండాయి సార్. అది పాతబడి పోతే మనమే ఇబ్బంది పడాల."

"ఎన్ని దినాలు పడుతుంది?"

"తెలీదు సార్."

ఆ మాటకు ఆయన, "తెలీదని చెప్పినావు చూడు, అందుకే ఒప్పుకుంటాండా. పొద్దున పూట మన పని చెయ్యి. మజ్జాన్నం నుంచి అది చేసుకో" అన్నాడు. ఆ అనుమతి లేకపోతే ఈ కథ లేదు. షాహిస్తా ఎప్పుడు ఈ సంగతి చెప్పినా మొదట ఆయన పేరే తీస్తుంది.

సీడీలు ఒక నెలకు వచ్చాయి. పక్షుల బొమ్మల స్టాంపులు అంటించిన మందపాటి కవరు. పైన జెరాల్దో చేతిరాతలో, ఒక్కో అక్షరం దిద్దినట్టు, ANANTAPUR అని. ఆ కవరు చాలాకాలం ఆమె సొరుగులో ఉండేది.

పని మొదలుపెట్టే ముందు ఆమె ఒక ఆదివారం తాడిపత్రి వెళ్లి వచ్చింది. ఇంత పెద్ద పని ఒప్పుకున్నానని తండ్రితో చెప్పిందట. దాదా ఖలందర్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "పాతది కోసేసి పారెయ్యాకమ్మా. కొత్తది తిరుగుతాండాదని తెలిసేదాకా పాతది పక్కనే పెట్టుకో" అన్నాడట. ఆమె అలాగే చేసింది. పాత బిల్డ్‌ను కదిలించకుండా, పక్కనే కొత్తది కడుతూ పోయింది. ఒక్కో భాగాన్ని విడదీసి, రెండు విధాలా తయారు చేసి, రెండూ ఒకే పటం గీస్తున్నాయో లేదో చూసేది. తేడా వస్తే ఆగి వెతికేది. ఒకదానికొకటి ముడిపడి, ఇది లేకుండా అది, అది లేకుండా ఇది తయారుకాని భాగాలు ఉండేవి. వాటిని విడదీయడానికే చాలా వారాలు పట్టింది. మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు ఉంటే అంతసేపే. అదీ అయిపోతే కిటికీ దగ్గర కూర్చుని కాగితం మీద గీతలు గీసుకునేది.

2006 వేసవికి పని చాలావరకు అయిపోయింది. అప్పుడు ఒక జార్ దగ్గర చిక్కు వచ్చింది. నేల ఎంత నీటిని ఇంకించుకుంటుందో లెక్క కట్టే ముక్క అది. దాని అసలు కోడ్ ఎక్కడా లేదు. ఎవరు రాశారో తెలియదు. ఇతరులకు పంచిపెట్టడానికి అనుమతి ఉందో లేదో తెలియదు. పాత పద్ధతిలో ఫోల్డర్‌లో పడి ఉన్నంతకాలం ఎవరూ అడగలేదు. కొత్త పద్ధతిలో పేరూ ఊరూ చెప్పక తప్పదు. జెరాల్దో తనకు తెలిసిన పాతవాళ్లందరినీ అడిగాడు. ఎవరికీ గుర్తులేదు. ఆ ఇంకుడు లెక్కను రివులెట్ నుంచి తీసేద్దాం, కావలసినవాళ్లు వేరుగా చేసుకుంటారు అని కొందరు అన్నారు.

ఆ రోజు షాహిస్తా అన్నం డబ్బా తెరవలేదు.

"అది తీసేస్తే మనకు మిగిలేది ఏముందన్నా? నీళ్లు యాడికి పోతాయో ఎవరైనా చెప్తారు. యాడ నిలుస్తాయో చెప్పేది అదొక్కటే."

"నువ్వే రాయి" అన్నాను నేను, తెలిసీ తెలియక.

రాసింది. పుస్తకాల్లో అందరికీ తెలిసిన సూత్రం తీసుకుని, కొత్తగా మొదటి నుంచి రాసింది. జెరాల్దో సాయం చేశాడు. పాతదాని జవాబులతో పోల్చి చూస్తే నల్లరేగడికి, ఇసుక నేలకు రెండూ సరిపోయాయి. మన ఎర్ర గరుసు నేల దగ్గరికి వచ్చేసరికి తేడా కొట్టింది. నీళ్లు బాగానే ఇంకుతాయని పాతది చెబుతుంది. పెద్దగా ఇంకవు, పైపైనే పారిపోతాయని కొత్తది చెబుతుంది. ఏది నిజం? తన కోడ్‌లోనే తప్పుందేమోనని ఆమె వారం రోజులు మళ్లీ మళ్లీ చదువుకుంది. ముఖం పీక్కుపోయింది.

"నేలనే అడుగుదాం పద" అన్నాను.

నేల నీళ్లు తాగే వేగాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు ఇనుప రింగులు, పెద్దదాని లోపల చిన్నది, నేలలోకి దిగ్గొట్టాలి. రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత దిగిందో కాసేపటికోసారి స్కేలు పెట్టి చూడాలి. మొదట గబగబా తాగుతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. చివరికి ఒకే వేగం మీద నిలుస్తుంది. ఆ చివరి వేగమే మనకు కావలసింది. అది వచ్చేదాకా రింగులు ఎండకూడదు. మధ్యలో ఎండితే పరీక్ష చెడిపోయినట్టే.

గంగాధరప్ప సారు జీపు ఇచ్చాడు. నల్లమాడ దగ్గర ఒక చిన్న ఊళ్లో మేము అంతకుముందు కట్టలు వేయించి ఉన్నాం. అక్కడికి పోయాం, నేనూ షాహిస్తా డ్రైవరూ. నీళ్లకు ఆ ఊరివాళ్లను ఇబ్బంది పెట్టకూడదని డ్రమ్ములో నింపుకుని బయలుదేరాం. పెద్ద రోడ్డు దిగాక దారి గతుకులు. డ్రమ్ము మూత ఎక్కడ ఊడిందో, దిగి చూస్తే సగం నీళ్లు జీపులోనే ఒలికిపోయి ఉన్నాయి.

మేం రింగులు దిగ్గొట్టిన చేను ఓబమ్మది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక చేను తానే చేయించుకుంటోంది. ముందటేడు వేరుశనగ విత్తితే గింజ కూడా తిరిగి రాలేదు. ఆ ఊరికి ట్యాంకరు వచ్చేది రోజు విడిచి రోజు. అది కూడా వస్తే వచ్చినట్టు. మేం చేస్తున్నది చూసి ఆమె గట్టు మీద వచ్చి కూర్చుంది.

"ఏమప్పా ఎర్రిస్వామీ, ఎండిన చేనికి నీళ్లు పోస్తాండావే" అంది.

ఎందుకో చెప్పాను. ఆమె ఊ కొట్టి, రింగులోకి చూస్తూ ఉండిపోయింది. ఉన్న నీళ్లు అయిపోవచ్చాయి. మట్టం ఇంకా నిలకడకు రాలేదు. షాహిస్తా స్కేలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నా వైపు చూసింది. ఇద్దరికీ అర్థమైంది. సరే, ఇంకోసారి వద్దాం, సర్దేద్దాం అని రింగు మీద చెయ్యి వేశాను.

"ఏమైంది?" అంది ఓబమ్మ.

"నీళ్లు సాలలేదవ్వా. ఇంకోనాడు వస్తాం" అంది షాహిస్తా.

"అట్లయితే ఇంతవరకు పోసింది?"

"అది వృథానే అవ్వా."

ఓబమ్మ లేచి ఇంటివైపు నడిచింది. కాసేపటికి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో వచ్చింది. షాహిస్తా ఎదురు పరుగెత్తి, చంకన ఉన్న బిందెకు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దవ్వా. తాగే నీళ్లు ఇవి."

"తెలుసులే. నిన్న పట్టినవి."

"రేపు ట్యాంకరు రాకపోతే?"

"రాకపోతే పక్కింట్లో అడుగుతా. వాళ్లకు లేనప్పుడు నేను పోసినా. తీస్కో పాపా. సగంలో నిలిపితే ముందు పోసిందంతా దండగ అయిపోతాది. నీళ్లు దండగ చేసేది నాకు సరిపడదు."

షాహిస్తా రెండు చేతులతో బిందె అందుకుని, చుక్క బయట పడకుండా రింగులోకి వంచింది. ఓబమ్మ మళ్లీ గట్టు మీద కూర్చుంది. పక్కింటి నుంచి ఒకామె ఏమిటీ పిచ్చి పని అని అడగడానికి వచ్చి, సంగతి విని, గొణుక్కుంటూ పోయి తానూ ఒక బిందె తెచ్చింది. పొద్దు వాలేటప్పటికి మట్టం నిలకడగా దిగడం మొదలైంది. షాహిస్తా స్కేలు తీసి పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

వచ్చిన లెక్క పాతదానికి చాలా దూరం. కొత్తదానికి దగ్గరే గానీ పూర్తిగా సరిపోలేదు. మన నేల మీద వాన దెబ్బకు పైపొర బిగుసుకుపోతుంది కదా, ఆ సంగతి సూత్రంలో లేదు. షాహిస్తా దాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. జెరాల్దో తమ సీమలో తన పాత సహోద్యోగుల చేత ఇదే పరీక్ష చేయించాడు. అక్కడా కొత్త లెక్కే నిలిచింది. ఇన్నేళ్లు మేం కట్టలు ఎక్కడెక్కడ వేయించామో తలుచుకుంటే నాకు కొంచెం దిగులు వేసింది. నీళ్లు ఇంకుతాయని నమ్మి వదిలేసిన చోట్లు కొన్ని మళ్లీ చూడాలని అప్పుడే అనుకున్నాం. ఆ తర్వాత చూశాం కూడా.

ఆ శ్రావణంలో రివులెట్ మేవెన్‌కు మారింది. మారిన వారమంతా ఆమెకు తిట్లే. ఎవరెవరో తమ సొంత పద్ధతులు చేసుకుని ఉన్నారు, అవన్నీ ఆగిపోయాయి. ఒకాయన బాగా ఘాటుగా రాశాడు, నడుస్తున్నదాన్ని ఎందుకు చెడగొట్టారని. షాహిస్తా ఆయనకు కూడా ఓపిగ్గా జవాబిచ్చింది. ఏ ఫైల్లో ఏ వరుస మార్చుకోవాలో చెప్పింది. జెరాల్దో ఒకే ఒక వాక్యం రాశాడట: "వెనక్కి మార్చేది లేదు, నేను ఆమె పక్కన ఉన్నాను." తర్వాత ఆ ఘాటు మనిషే వచ్చి, తన దగ్గర బిల్డ్ ఇప్పుడు ఒక్క ఆదేశంతో అయిపోతోందని, తొందరపడ్డానని రాశాడు. ఇంటర్నెట్ సరిగా లేనివాళ్ల కోసం అన్నీ ఒకేచోట కట్టిపెట్టిన సీడీ పద్ధతిని కూడా ఆమె అందులో చేర్చింది. నైజర్ నుంచి ఒక కాలేజీ కుర్రవాడు దాంతోనే బిల్డ్ చేసుకున్నానని రాసిన రోజు, ఆమె ఆఫీసంతటికీ మైసూర్‌పాక్ పంచింది.

ఆ కొత్త వెర్షన్‌తో పాటు కృతజ్ఞతలు రాసే చోటు ఒకటి ఉంటుంది. అందులో ఆమె గంగాధరప్ప పేరు, జెరాల్దో పేరు, తండ్రి పేరు, నా పేరు రాసింది. ఓబమ్మ పేరూ రాసింది, పక్కింటామె పేరు తెలియక ఆ ఊరి ఆడవాళ్లు అని రాసింది. మరొకటి కూడా చేసింది. బిల్డ్ జరిగేటప్పుడు ప్రోగ్రాము తన లెక్కలు సరిగా ఉన్నాయో లేదో తానే పరీక్షించుకుంటుందట. ఆ పరీక్షల్లో ఆ రోజు చేనులో మేం రాసుకున్న అంకెలు పెట్టి, దానికి 'నల్లమాడ ఎర్ర నేల' అని పేరు పెట్టింది. ఏ దేశంలో ఎవరు రివులెట్‌ను బిల్డ్ చేసినా ఆ అంకెలతో సరిచూసుకున్నాకే అది పూర్తవుతుంది.

ఈ సంగతి ఓబమ్మకు చెప్పాలని ఆమె పట్టుబట్టింది. ఇద్దరం వెళ్లాం. ఈసారి నీళ్ల డబ్బాలు గట్టిగా కట్టుకుని పోయాం. ఇవ్వబోతే ఓబమ్మ మొదట కోప్పడింది, తర్వాత పక్కింటి వాళ్లకు కూడా సగం పోయించింది. చెప్పినదంతా విని, "నా పేరు రాసినావా? ఏ ఊరోళ్లు చదువుతారు?" అంది.

"శానా ఊర్లవ్వా. సముద్రాల అవతల ఊర్లు."

"వాళ్లకు నేనెవరో తెల్దు కదా."

"వాళ్లెవరో మనకూ తెల్దు కదవ్వా. అయినా మనకు పని చేసిపెట్టినారు."

ఓబమ్మ దాని గురించి ఆలోచిస్తూ వేరుశనగ కాయలు వేయించి పెట్టింది. మేం తిని, బాగా పొద్దుండగానే బయలుదేరాం.

మరుసటి ఏడు వాన పడింది. అప్పటికి నాలుగైదు మండలాల్లో ఆడవాళ్ల సంఘాలకు రింగుల పరీక్ష నేర్పాం. యాడికి మండలం నుంచి, విడపనకల్లు నుంచి అంకెలు వచ్చేవి. షాహిస్తా వాటిని కూడా రివులెట్‌లో చేరుస్తూ వచ్చింది. జెరాల్దోకు కంటి చూపు తగ్గాక బిల్డ్ బాధ్యత మొత్తం ఆమెకే అప్పగించాడు. ఆమె ఇప్పటికీ ఆ పని చూస్తోంది. పగలు ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. మొన్న కలిసినప్పుడు, కొత్తగా చేరిన ఎవరో పిల్లవాడు పంపిన ముక్క తప్పుల తడకగా ఉందని, ఓపిగ్గా దిద్దుతున్నానని చెప్పింది. విసుగు రాదా అన్నాను.

"నేను మొదట పంపినప్పుడు నా మీద ఎవరూ విసుక్కోలేదన్నా" అని, మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.